"పోతాను", "పోయొస్తాను": పరాయి దేశంలో నివసించేవారు ప్రయాణానికి ముందు తెలియజేయవలసిన విషయాలు

(విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రుల కోసం తిరుపతిలో జరిగిన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మన ఇళ్లలో ఎవరైనా ఊరికి బయలుదేరేటప్పుడు "పోతాను" అనకూడదు. "పోయొస్తాను" అనాలి. చిన్నప్పుడు నేను తెలియక "పోతా" అంటే, మా అవ్వ నన్ను వాకిట్లోంచి మళ్లీ లోపలికి పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "పోయొస్తా" అనిపించిగాని పంపేది కాదు. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయమంతా ఆ రెండు మాటల మధ్య ఉన్న తేడా గురించే. పరాయి దేశంలో నివాసానుమతితో బతుకుతున్న మనిషి ఆ దేశపు సరిహద్దు దాటి బయటికి వచ్చేటప్పుడు, తాను శాశ్వతంగా పోతున్నాడా, పోయి తిరిగి వస్తున్నాడా అన్నది అక్కడి ప్రభుత్వానికి తెలియాలి. ఆ తెలియజేసే పద్ధతి ఒక దేశంలో దరఖాస్తు, ఇంకో దేశంలో యజమాని ఆమోదం, మరో దేశంలో విమానాశ్రయంలో పూరించే కాగితం మీద ఒక్క టిక్కు. పద్ధతి ఏదైనా, అది పాటించకుండా వచ్చేసినవాడిని చాలా దేశాల చట్టం "పోయినవాడు" గానే లెక్కగడుతుంది.

ఇలాంటి కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రయాణం చేసేశాక వస్తారు. నాకు బాధ కలిగించే సంగతి అదే. ఎందుకంటే ఈ బాధ్యతల్లో ముఖ్యమైనవన్నీ బయలుదేరకముందు, ఆ దేశపు నేల మీద ఉండగానే నెరవేర్చవలసినవి. తిరుపతికి వచ్చి, కొండకెళ్లి దర్శనం చేసుకుని, బంధువులందర్నీ చూసి, తిరుగు టికెట్టు తీసుకునే రోజున గుర్తొస్తే, అప్పటికి దాదాపు ఏమీ చేయలేని పరిస్థితి ఏర్పడి ఉంటుంది.

"సార్, నా వీసాకు ఇంకా రెండేళ్లు గడువుంది, నాకేం భయం?" అని అడుగుతారు. ఇక్కడే మొదటి పొరపాటు. పాస్‌పోర్టులో అంటించిన వీసా ఆ దేశపు గుమ్మం దాకా వెళ్లడానికి పనికొచ్చే కాగితం. ఆ దేశంలో నివసించే హక్కు వేరు. ఆ హక్కు పోకుండా బయటికి వెళ్లి తిరిగి రాగలిగే హక్కు ఇంకా వేరు. ఈ మూడింటికీ మూడు వేర్వేరు గడువులు ఉండవచ్చు. ఒకదాని మీద తేదీ బాగుంది కదా అని మిగిలిన రెండూ బాగున్నట్టు కాదు.

గల్ఫ్ దేశాలతో మొదలుపెడతాను. రాయచోటి, పీలేరు, మదనపల్లె వైపు నుంచి కువైట్‌కు వెళ్లిన మనిషి లేని వీధి అరుదు. సౌదీలో మన మాట ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూడండి. అక్కడ ఇకామా, అంటే నివాసానుమతి కార్డు, ఉన్న కార్మికుడు దేశం దాటడానికి రెండు రకాల అనుమతులు ఉన్నాయి. ఒకటి ఫైనల్ ఎగ్జిట్, అంటే పోతాను. రెండోది ఎగ్జిట్ రీఎంట్రీ, అంటే పోయొస్తాను. మన కుర్రాళ్లు "రీఎంట్రీ కొట్టించారా?" అని ఒకరినొకరు అడుగుతుంటారు. ఒక్కసారి వెళ్లి రావడానికి తీసుకునే రీఎంట్రీకి రెండు నెలల వరకు 200 రియాళ్లు, ఆపైన ప్రతి నెలకు 100 రియాళ్లు రుసుము. ఆ గడువులోగా తిరిగి అడుగు పెట్టాలి. ఇంట్లో పెళ్లి ఆలస్యమైతేనో, అమ్మకు ఆరోగ్యం బాగాలేకపోతేనో గడువు ముగియకముందే యజమాని ద్వారా ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు. ముగిసేదాకా ఆగి, ఆ తర్వాత కఫీల్‌కు, అంటే అక్కడి యజమానికి, ఫోన్లు చేసి ప్రాధేయపడటం మనవాళ్లలో తరచుగా చూస్తాను. ఒక నెల ముందు చేయవలసిన ఫోన్ అది.

2021 మార్చిలో సౌదీ తెచ్చిన మార్పుల వల్ల ప్రైవేటు సంస్థల్లో పనిచేసేవారు యజమాని ఒప్పుకోలు లేకుండానే తమంతట తాము రీఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ వార్త వాట్సాప్‌లో తిరిగినంతగా దాని వెనక ఉన్న మినహాయింపు తిరగలేదు. ఇళ్లలో పనిచేసేవారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, పొలాల్లో పనిచేసేవారు, గొర్రెల కాపరులు ఆ మార్పుల కిందకు రాలేదు. మన ప్రాంతం నుంచి సౌదీకి వెళ్లినవారిలో ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివారు ఎందరున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. అంటే ఎవరికి ఆ వెసులుబాటు ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందలేదు. ఇది న్యాయం కాదని నా అభిప్రాయం. కానీ న్యాయం కాదనుకుని నియమాన్ని పట్టించుకోకుండా ఉండిపోతే నష్టపోయేది ఆ డ్రైవరే.

కువైట్ సంగతి ఇటీవల మారింది. 2025 జూలై 1 నుంచి అక్కడ ప్రైవేటు రంగంలో, ఆర్టికల్ 18 నివాసానుమతి మీద పనిచేసే విదేశీయులు దేశం విడిచి బయలుదేరే ముందు ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి. కార్మికుడు సాహెల్ అనే ప్రభుత్వ యాప్‌లోనో, కార్మిక శాఖ పోర్టల్‌లోనో ప్రయాణ తేదీలు రాసి దరఖాస్తు చేస్తే, యజమాని దాన్ని ఆమోదించాలి. అంతకుముందు ఈ పద్ధతి లేదు కాబట్టి, పదేళ్లు పదిహేనేళ్లుగా అక్కడున్న పెద్దవాళ్లే "మాకు తెలియనిదా" అనుకుని పొరబడే ప్రమాదం ఎక్కువ. గంగజాతరకు వద్దామని ముందే టికెట్టు కొనుక్కుని, పర్మిట్ ఆమోదం కాకుండా విమానాశ్రయానికి వెళితే, ఆ టికెట్టు డబ్బు తిరిగిరాదు. మొదట పర్మిట్, తర్వాత టికెట్టు. ఈ క్రమాన్ని ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పండి. "ఎప్పుడొస్తావు, టికెట్టు తీసుకున్నావా?" అని ప్రతిరోజూ ఫోన్‌లో అడిగేది వాళ్లే.

ఇళ్లలో పనిచేసే మన ఆడపడుచుల విషయంలో కువైట్‌లో ఇంకో గడువు ఉంది. యజమాని అనుమతి తీసుకోకుండా నాలుగు నెలలకు మించి బయట ఉంటే వారి నివాసానుమతి రద్దవుతుంది. మిగిలినవారికి సాధారణంగా ఆరు నెలలు. ఎమిరేట్స్‌లోనూ దీర్ఘకాలపు గోల్డెన్ వీసా వంటివి తప్పిస్తే మామూలు నివాస వీసాకు ఆరు నెలలే హద్దు. కతార్ మాత్రం 2018లో చట్టం మార్చి ఎక్కువమంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ అవసరం లేకుండా చేసింది. 2020 జనవరి నుంచి ఇంటి పనివారికి కూడా ఆ స్వేచ్ఛ వచ్చింది. అయితే ఇంటి పనివారు బయలుదేరడానికి కనీసం 72 గంటల ముందు యజమానికి తెలియజేయాలి. అనుమతి అడగడం వేరు, తెలియజేయడం వేరు. ఆ 72 గంటలు తెలియజేయడానికే. మన చెల్లెలు ఆ మాట ఒక మెసేజ్ రూపంలో పంపి, ఫోన్‌లో భద్రంగా ఉంచుకుంటే, రేపు ఎవరైనా "చెప్పకుండా పారిపోయింది" అంటే ఆమె దగ్గర రుజువుంటుంది.

ఇప్పుడు అమెరికా. ఈ సభలో ఎక్కువమంది ఎదురుచూస్తున్న విషయం ఇదేనని నాకు తెలుసు. అందుకని కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను.

కొడుకో కూతురో అక్కడ పౌరసత్వం తీసుకుని, తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తెప్పిస్తారు. మనం ఆ కార్డు మీద పదేళ్ల తేదీ చూసి, పదేళ్లూ ఎప్పుడైనా రావచ్చు, పోవచ్చు అనుకుంటాం. రెండేళ్ల కిందట ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన భార్య నా దగ్గరికి వచ్చారు. ఇద్దరికీ గ్రీన్ కార్డులున్నాయి. ఇక్కడ పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడదామని ఆయన వచ్చారు. మేస్త్రీ ఆలస్యం చేశాడు, ఆపైన ఆమెకు మోకాలి ఆపరేషన్ అయింది, గృహప్రవేశానికి మంచి ముహూర్తం కుదరలేదు. తలెత్తి చూసేసరికి పద్నాలుగు నెలలు గడిచాయి. "కార్డు మీద ఇంకా ఏడేళ్లుంది కదయ్యా" అని ఆమె నా చేతికి కార్డిచ్చింది. ఆ కార్డు వైపు చూస్తూ వాళ్లకు ఏం చెప్పాలో నాకు కాసేపు తోచలేదు.

చట్టం ఇది. గ్రీన్ కార్డు ఉన్నవారు సంవత్సరానికి మించి అమెరికా బయట ఉండిపోతే, ఆ కార్డు ఒక్కటే చూపించి తిరిగి లోపలికి వెళ్లే వీలుండదు. అంతకాలం ఉండవలసి వస్తుందని ముందే అనుమానం ఉంటే రీఎంట్రీ పర్మిట్ అనే పుస్తకం తీసుకోవాలి. దానికి ఐ-131 అనే దరఖాస్తు ఉంది. మామూలుగా రెండేళ్లు చెల్లుతుంది. ఇందులో ప్రాణం వంటి నియమం ఒకటుంది. దరఖాస్తు పెట్టే రోజున ఆ మనిషి అమెరికాలోనే ఉండాలి, వేలిముద్రలకు పిలిచినప్పుడు ఇవ్వాలి. ఆ తర్వాత బయలుదేరి ఇక్కడికి రావచ్చు, కోరితే ఆ పుస్తకాన్ని ఇక్కడి కాన్సులేటుకు పంపిస్తారు కూడా. కానీ తిరుపతిలో కూర్చుని దరఖాస్తు పెట్టడానికి దారి లేదు. అందుకే ఆ దంపతులకు నేను చెప్పగలిగింది ఒక్కటే మిగిలింది. తిరిగి వచ్చే నివాసి వీసా అని ఒకటుంది. తాము తిరిగి వెళ్లే ఉద్దేశంతోనే వచ్చామని, తమ చేతుల్లో లేని కారణాల వల్లే ఆలస్యమైందని కాన్సులేటులో రుజువు చేసుకోవాలి. ఆపరేషన్ కాగితాలు రుజువుగా పనికొస్తాయి. మేస్త్రీ ఆలస్యం పనికిరాదు. ముహూర్తం అసలే పనికిరాదు.

ఇక ఒక నమ్మకం మన ఊళ్లో బాగా వేళ్లూనుకుంది: "ఆరు నెలలకోసారి వెళ్లి మొహం చూపించి వస్తే చాలు, కార్డు ఎక్కడికీ పోదు." ఇది సగం నిజం కూడా కాదు. 180 రోజులు దాటి వెళ్లినవారిని మళ్లీ కొత్తగా ప్రవేశం కోరుతున్నవారిగా భావించి ప్రశ్నించే అధికారం అక్కడి అధికారులకు ఉంది కాబట్టి ఆ ఆరు నెలల లెక్క పుట్టింది. అయితే అధికారి అసలు చూసేది రోజుల లెక్కకన్నా ఇంకో విషయం: మీ ఇల్లు ఎక్కడ? అక్కడ మీ పేరున చిరునామా, బ్యాంకు ఖాతా, పన్ను లెక్కలు ఉన్నాయా? ఏడాదిలో పదకొండు నెలలు తిరుపతిలో ఉండి, నెల రోజులు మనవడి దగ్గర ఉండి వచ్చేవారిని "మీరు ఇక్కడ నివసించడం లేదు, చుట్టపుచూపుగా వస్తున్నారు" అని అనగలరు. అలా అన్నప్పుడు విమానాశ్రయంలో కొన్నిసార్లు ఐ-407 అనే కాగితం చేతికిస్తారు. నివాస హక్కును నా ఇష్టంతో వదులుకుంటున్నానని దాని అర్థం. పద్దెనిమిది గంటలు ప్రయాణం చేసి అలసిపోయి, ఇంగ్లీషు సరిగా అర్థంకాక, సంతకం పెట్టమన్నారు కదా అని పెట్టేసిన పెద్దవాళ్లున్నారు. ఆ సంతకం పెట్టితీరాలన్న నియమం లేదు. పెట్టకపోతే తమ వాదన ఇమ్మిగ్రేషన్ న్యాయమూర్తి ముందు చెప్పుకునే హక్కు వారికుంటుంది. ఈ ఒక్క మాట మీ ఇంట్లో పెద్దవాళ్లకు, విమానం ఎక్కేముందు, నెమ్మదిగా, రెండుసార్లు చెప్పండి.

చిరునామా గురించి ఇంకొక మాట. అమెరికాలో నివసించే విదేశీయులు, కొద్దిమంది తప్ప, ఇల్లు మారిన 10 రోజుల్లోగా కొత్త చిరునామా ప్రభుత్వానికి తెలపాలి. కొడుకు ఇల్లు మారితే తల్లిదండ్రుల చిరునామా కూడా మారినట్టే కదా. కొడుకు తనది మార్చుకుంటాడు, అమ్మానాన్నలది మరిచిపోతాడు. వేలిముద్రలకు రమ్మన్న ఉత్తరం పాత ఇంటికి పోతుంది.

చదువుకునే పిల్లలకు చెప్పవలసింది తక్కువే. సెలవులకు ఇంటికి వచ్చేముందు ఐ-20 అనే కళాశాల పత్రం మీద కళాశాల అధికారి ప్రయాణ సంతకం ఉండాలి. చదువుతున్నంతకాలం అది ఏడాది చెల్లుతుంది, చదువయ్యాక ఓపీటీలో, అంటే చదువు ఆధారంగా దొరికే తాత్కాలిక పని అనుమతి మీద, ఉంటే ఆరు నెలలే. గ్రీన్ కార్డుకు చివరి దశ దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నవారు అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి రాకముందే దేశం దాటితే ఆ దరఖాస్తు వదిలేసినట్టే అవుతుంది. హెచ్-1బి, ఎల్-1 అనే ఉద్యోగ వీసాల హోదా నిలుపుకున్నవారికి అందులో మినహాయింపు ఉంది. చెల్లెలి పెళ్లి అని పరుగున వచ్చే కుర్రాడికి ఈ విషయం గుర్తు చేయవలసింది ఇక్కడున్న మనమే. ఆ హడావుడిలో అతనికి గుర్తుండదు.

జపాన్ పద్ధతి నాకు చాలా ఇష్టం, అందుకే దాన్ని ప్రస్తావిస్తున్నాను. 2012 జూలై నుంచి అక్కడ నివాస కార్డు ఉన్న విదేశీయుడు ఏడాదిలోగా తిరిగి వచ్చేటట్టయితే వేరే దరఖాస్తు అక్కరలేదు. విమానాశ్రయంలో పూరించే కాగితం మీద, తిరిగి వస్తానన్న గడిలో టిక్కు పెట్టి, కార్డు చూపిస్తే చాలు. మా అవ్వ అనిపించిన మాట అక్కడ ఒక గడిగా అచ్చయి ఉంది. ఆ టిక్కు మరిచిపోతే మాత్రం నివాస హోదాయే పోతుంది. ఏడాది దాటితే బయటి నుంచి పొడిగించుకునే వీలు లేదు. ఎక్కువకాలం ఉండేవారు బయలుదేరకముందే ఇమ్మిగ్రేషన్ కార్యాలయంలో రీఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి.

పరాయి దేశాలు మనల్ని ఇన్ని అడుగుతున్నాయే అని మీలో కొందరికి కోపం రావచ్చు. మన దేశమూ అడుగుతుంది. సత్యవేడు పక్కన శ్రీసిటీలో జపాన్ నుంచి, కొరియా నుంచి వచ్చి పనిచేస్తున్న ఉద్యోగులున్నారు. 180 రోజులకు మించిన వీసా మీద మన దేశానికి వచ్చినవారు సాధారణంగా 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు అధికారి దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. జిల్లాలో ఆ అధికారి పోలీసు సూపరింటెండెంటే. ఇప్పుడది చాలావరకు ఆన్‌లైన్‌లో జరుగుతుంది. 1992 నాటి నమోదు నియమాల్లో ఒక నిబంధన ఉండేది: నమోదైన విదేశీయుడు తన చిరునామాకు ఎనిమిది వారాలు, అంతకు మించి వరుసగా దూరంగా ఉండబోతుంటే, బయలుదేరకముందే ఆ అధికారికి తెలియజేయాలి. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి వెళ్లడం వంటిదే ఇది. దీన్ని అవమానంగా భావించవలసిన పని లేదు.

2025లో మన పార్లమెంటు ఇమ్మిగ్రేషన్, విదేశీయుల చట్టాన్ని చేసింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి అది అమల్లోకి వచ్చి, 1920, 1939, 1946, 2000 సంవత్సరాల నాటి నాలుగు పాత చట్టాలను తీసేసింది. బస ఇచ్చేవారు, విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు తమ దగ్గర ఉన్న విదేశీయుల వివరాలు తెలపవలసిన బాధ్యత అందులో ఉంది. ఇది ఈ ఊరివాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం. తిరుపతిలో ప్రతి వీధిలో ఒక లాడ్జీ ఉంది, గదులు అద్దెకిచ్చే ఇళ్లున్నాయి. ఇన్నాళ్లూ ఫారం-సి అని పిలిచిన సమాచారాన్ని విదేశీ అతిథి దిగిన 24 గంటల్లోగా పంపాలి. "మా ఇంటికొచ్చింది మా బంధువే, ఆయనకు అమెరికా పాస్‌పోర్టు మాత్రమే ఉంది" అన్నంత మాత్రాన ఆయన విదేశీయుడు కాకుండా పోడు.

ఓసీఐ కార్డు, అంటే విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చే కార్డు, ఉన్నవారు ఎంతకాలం ఉన్నా ఆ నమోదు చేసుకోనక్కరలేదు. పాస్‌పోర్టు కొత్తది వచ్చినప్పుడు మాత్రం, 20 ఏళ్ల వయసు వరకు ప్రతిసారీ, 50 ఏళ్లు దాటాక ఒకసారి, దాని వివరాలు ఓసీఐ వెబ్‌సైటులో మూడు నెలల్లోగా ఎక్కించాలి. 20 ఏళ్లలోపే కార్డు పొందినవారు, 20 ఏళ్లు దాటాక తీసుకున్న మొదటి పాస్‌పోర్టుకు అయితే కార్డునే ఒకసారి మార్పించుకోవాలి. పాత పాస్‌పోర్టు ఎక్కడో బీరువాలో పడేసి, కొత్తదానితో చెన్నై విమానాశ్రయంలో నిలబడి కంగారుపడినవారి ఫోన్లు నాకు వచ్చాయి.

చివరగా పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపిల్లల సంగతి. తొలి కాన్పు పుట్టింట్లో కావాలని మనం కోరుకుంటాం, పిల్లా అలాగే కోరుకుంటుంది. బిడ్డ తిరుపతి ఆసుపత్రిలో పుడుతుంది. ఆ బిడ్డకు తిరుగు ప్రయాణం ఎలా అన్నది తల్లిదండ్రుల పౌరసత్వం మీద ఆధారపడి ఉంటుంది. ఇక్కడ మూడు దారులు వేర్వేరుగా పోతాయి.

తల్లీ తండ్రీ ఇద్దరూ భారత పాస్‌పోర్టుతో హెచ్-1బి మీద ఉన్నవారైతే బిడ్డ భారత పౌరురాలే. పాస్‌పోర్టు తీసుకుని, తల్లిదండ్రుల మీద ఆధారపడే వీసాకు కాన్సులేటులో దరఖాస్తు పెట్టాలి. ఆ వీసా అపాయింట్‌మెంటుకు నెలలు పట్టవచ్చని ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇద్దరూ విదేశీ పౌరసత్వం తీసుకున్నవారైతే, తిరుపతిలో పుట్టినా ఆ బిడ్డ భారత పౌరురాలు కాదు. పుట్టిన రోజు నుంచీ ఆ పసికందు మన దేశంలో వీసా లేకుండా ఉన్న విదేశీయురాలు. ముందు కాన్సులేటులో జననం నమోదు చేయించి ఆ దేశపు పాస్‌పోర్టు తెప్పించాలి. ఆ తర్వాత విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, దేశం విడిచి వెళ్లేందుకు అనుమతి తీసుకోవాలి. పాస్‌పోర్టు వచ్చింది కదా అని నేరుగా విమానాశ్రయానికి వెళితే, మూడు నెలల బిడ్డను కూడా ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆపుతారు. ఆపడం వాళ్ల విధి.

తల్లికి గ్రీన్ కార్డు ఉంటే దారి ఇంకోలా ఉంటుంది, కాస్త సులువుగా కూడా ఉంటుంది. తాత్కాలికంగా బయటికి వచ్చిన సమయంలో పుట్టిన బిడ్డను, పుట్టిన రెండేళ్లలోగా, తల్లి తిరిగి వెళ్లే మొదటి ప్రయాణంలోనే వెంట తీసుకువెళితే ఆ బిడ్డకు ఇమ్మిగ్రెంటు వీసా అక్కరలేదు. బిడ్డ పాస్‌పోర్టు, తల్లి పేరున్న జనన ధ్రువీకరణ పత్రం, తల్లి గ్రీన్ కార్డు చూపించాలి. అయితే "మొదటి ప్రయాణంలోనే" అన్న షరతు దగ్గరే మన కుటుంబాలు పొరబడుతున్నాయి. ఉద్యోగం పోతుందని తల్లి ముందు ఒంటరిగా వెళ్లిపోయి, బిడ్డను అమ్మమ్మ దగ్గర ఉంచి, ఆరు నెలల తర్వాత వచ్చి తీసుకెళదామనుకుంటుంది. ఆమె ఒంటరిగా విమానమెక్కి అక్కడ దిగిన రోజునే ఆ వెసులుబాటు ముగిసిపోతుంది. ఆ తర్వాత బిడ్డ కోసం కుటుంబ వీసా దరఖాస్తు పెట్టుకుని వరుసలో ఎదురుచూడాలి. కాబట్టి మీ ఇంట్లో పురిటికి వచ్చిన పిల్ల ఉంటే, ఆమె తిరుగు టికెట్టు కొనేముందు బిడ్డ పాస్‌పోర్టు చేతికి వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఆ టికెట్టు తేదీని వెనక్కి జరపండి, అక్కడి ఆఫీసుకు సెలవు పొడిగించమని ఉత్తరం రాయించండి. బారసాలకు వచ్చిన బంధువులు ఇంకా ఇంట్లో ఉన్నప్పుడే జనన ధ్రువీకరణ పత్రంలో తల్లిదండ్రుల పేర్లు వాళ్ల పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా పడ్డాయో లేదో సరిచూసుకోండి.

మీ ప్రశ్నలకు ఇప్పుడు సమాధానాలు చెబుతాను. కాగితాలు తెచ్చుకున్నవారు ముందుకు రండి.